మన వరద, మనల్ని అడగని చట్టం

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగింది గుర్తుందా? అప్పటికి నెల ముందే, ఆగస్టు 1న, విపత్తు నిర్వహణ చట్టం సవరణ బిల్లు లోక్‌సభలో పెట్టారు. జనం మేడల మీద పాల ప్యాకెట్ల కోసం చూస్తున్నారు, బిల్లు ఎవరు చదువుతారు? నిజం చెప్పాలంటే అప్పుడు నేనూ చదవలేదు.

2005 చట్టంలో సెక్షన్ 13 ఉండేది. తీవ్రమైన విపత్తు వస్తే బాధితుల అప్పుల చెల్లింపులో ఊరట ఇమ్మని జాతీయ అథారిటీ సిఫారసు చేయొచ్చు. 2025 సవరణలో దాన్ని తీసేశారు. వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడి నష్టపోయినవాళ్ళ రుణమాఫీ కేసులో, ఆ సెక్షన్ ఇప్పుడు లేదని కేంద్రం కేరళ హైకోర్టుకు చెప్పింది.

ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచి అభిప్రాయాలు తీసుకోవాలని 2014 నుంచి కేంద్రానికి ఒక విధానం ఉంది. విధానమేనండీ, చట్టం కాదు. పాటించకపోయినా బిల్లు ఆగదు.

అయితే ఇదే సవరణ ఇంకో తలుపు తెరిచింది. కార్పొరేషన్ ఉన్న నగరాలకు పట్టణ విపత్తు నిర్వహణ అథారిటీ పెట్టొచ్చు, చైర్మన్ మున్సిపల్ కమిషనరే. నగరానికి విపత్తు ప్రణాళిక తయారుచేయాల్సింది వాళ్ళే. మీ వీధిలో నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో ఫొటోలతో రాసివ్వండి. రసీదు మాత్రం మర్చిపోకండి.