తోచినంత వెల : స్వతంత్ర సంగీత బృందాల విక్రయ విధానం

లోకంలో క్రయవిక్రయాలు సాధారణంగా రెండు విధాలుగా సాగుతుంటాయి. అమ్మేవాడు చెప్పిన ధరను కొనేవాడు మారుమాట లేకుండా చెల్లించడం ఒక విధం. చెప్పిన ధరపై బేరమాడి, ఇద్దరికీ సమ్మతమైన చోట ఆగడం రెండవ విధం. ఈ రెండింటిలోనూ చేరని మూడవ పద్ధతి ఒకటి కళారంగంలో చిరకాలంగా ఉన్నది. హరికథ జరిగే చోట హారతి పళ్ళెం సభలో తిరుగుతుంది. వీధి భాగవతంలో చదివింపులు ఇచ్చినవారి పేర్లను అందరూ వినేటట్లు ప్రకటిస్తారు. కవ్వాలీ మహఫిల్‌లో రసికుడు తన నజరానాను ముందుగా సభాపెద్దకు సమర్పించగా, ఆయన చేతి మీదుగా అది గాయకులకు చేరుతుంది. ఇంత ఇవ్వాలన్న నియమం ఇక్కడ లేదు. ఇవ్వనివాడు వినరాదన్న నిషేధమూ లేదు. ఆ సొమ్మును మనవారు ధర అనలేదు, కూలి అనలేదు, సంభావన అన్నారు. గౌరవించడం, ధనమివ్వడం అనే రెండర్థాలూ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి.

ఇరవై ఒకటవ శతాబ్దపు తొలి దశకంలో అమెరికా, కెనడా, ఇంగ్లాండు దేశాల సంగీతకారులు కొందరు ఇటువంటి పద్ధతినే ఇంటర్నెట్‌లో ప్రవేశపెట్టారు. తమ పాటలను డౌన్‌లోడ్ చేసుకోదలచిన శ్రోతలు తమకు తోచినంత చెల్లించవచ్చునని వారు ప్రకటించారు. ఈ విధానం ఎందుకు పుట్టింది, ఎట్లా నడిచింది, ఎక్కడ ఫలించింది, ఎక్కడ ఫలించలేదు అన్న విషయాలను విద్యార్థులకు తెలియజేయడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

దీని పుట్టుకను గ్రహించడానికి ముందుగా రికార్డు కంపెనీల వ్యవస్థను తెలుసుకోవాలి. గ్రామఫోను రికార్డు, క్యాసెట్టు, సి.డి. ఇవన్నీ చేతితో పట్టుకోగల వస్తువులు. వాటిని తయారుచేయడానికి కర్మాగారం, పంచిపెట్టడానికి వాహనాలు, అమ్మడానికి దుకాణాలు కావలసి ఉండేవి. ఆ పెట్టుబడి పెట్టగలిగినవి కంపెనీలే. సంగీత బృందానికి అవి కొంత సొమ్మును ముందుగా ఇచ్చి, రికార్డింగు ఖర్చులు మొదలైనవాటిని అమ్మకాలలో బృందానికి రావలసిన వాటా నుండి మినహాయించుకునేవి. అప్పు తీరిన పిదపనే ఆ వాటా కళాకారుని చేతికి అందేది. కావున అనేక బృందాలకు పేరు వచ్చినంత సులభంగా డబ్బు రాలేదు. ఏ కంపెనీ ఒప్పందానికీ లోబడక, తమ పాటల హక్కులను తమ వద్దనే ఉంచుకొని పనిచేసే బృందాలను స్వతంత్ర బృందాలని వ్యవహరిస్తారు.

1999లో ప్రారంభమైన నాప్‌స్టర్ అనే సాధనం ఈ వ్యవస్థను కదిలించింది. ఎం.పి.3 రూపంలోని పాటలను ఒకరి కంప్యూటరు నుండి మరొకరు ఉచితంగా తీసుకునే వీలు దాని వలన కలిగింది. న్యాయస్థానాల జోక్యంతో 2001లో అది మూతబడినా, అలవాటు మాత్రం మూతబడలేదు. 2003లో ఆపిల్ సంస్థ ఐట్యూన్స్ దుకాణాన్ని తెరచి, ఒక్కొక్క పాటను 99 సెంట్లకు అమ్మడం మొదలుపెట్టింది. ఐతే సమస్య పూర్తిగా తీరలేదు. ప్రతి చేయడానికి ఖర్చే లేని వస్తువును, ఊరికే దొరికే వస్తువును, ఎవరైనా ఎందుకు కొనాలి? ఈ ప్రశ్నకు చట్టం ఒక సమాధానం చెప్పింది. కొందరు సంగీతకారులు మరొక సమాధానాన్ని వెదికారు. వినేవాని చేతిని బలవంతంగా పట్టుకోలేనప్పుడు, అతని మనసునే అడిగి చూద్దామన్నది వారి ఆలోచన.

2003లో కాలిఫోర్నియాలో వెలసిన మాగ్నట్యూన్ అనే సంస్థ ఒక ఆల్బమ్‌కు 5 డాలర్ల నుండి 18 డాలర్ల వరకు ఎంతైనా చెల్లించవచ్చునని చెప్పి, వచ్చినదానిలో సగం కళాకారునికి ఇచ్చింది. 2005లో కెనడా గాయని జేన్ సిబెరీ ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఆమె శ్రోతల ముందు నాలుగు మార్గాలుంచింది. పాటను కానుకగా స్వీకరించవచ్చు. తోచినంత ఇప్పుడే చెల్లించవచ్చు. విన్న తరువాత, తోచినంత, మరొకనాడు చెల్లించవచ్చు. లేదా మామూలు ధర ఇవ్వవచ్చు. ఇతరులు సగటున ఎంత ఇచ్చారో కూడా ఆమె అక్కడనే చూపించింది. ఈ నాలుగింటిలో మూడవదానిని పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి.

లోకమంతటి దృష్టినీ ఈ విధానంపైకి మళ్ళించినది రేడియోహెడ్ అనే ఆంగ్ల బృందం. ఆక్స్‌ఫర్డ్ సమీపంలోని అబింగ్డన్‌లో పుట్టిన ఈ బృందానికి ఇ.ఎం.ఐ. కంపెనీతో ఉన్న ఒప్పందం 2003 నాటి ఆల్బమ్‌తో తీరిపోయింది. 2007 అక్టోబరు 1న వారు తమ నూతన ఆల్బమ్ ‘ఇన్ రెయిన్‌బోస్’ సిద్ధమైనదని ప్రకటించి, అక్టోబరు 10న పది పాటలను డౌన్‌లోడ్‌గా విడుదల చేశారు. ధర ఉండవలసిన గడి ఖాళీగా ఉన్నది. అదేమని అడిగినవారికి అది మీ ఇష్టమన్న జవాబు వచ్చేది. సున్న నుండి 99 పౌండ్ల 99 పెన్నీల వరకు ఏ అంకెనైనా వేయవచ్చును. ఏదైనా చెల్లించదలచినవారికి మాత్రం కార్డు రుసుముగా 45 పెన్నీలు అదనం. దీనితోపాటు గ్రామఫోను రికార్డులు, సి.డి.లు కూడిన పెట్టెను 40 పౌండ్లకు నిర్ణీత ధరపై అమ్మారు.

ఫలితమేమి? కామ్‌స్కోర్ అనే గణాంక సంస్థ ఆ నవంబరులో వెలువరించిన అంచనా ప్రకారం, తీసుకున్నవారిలో నూటికి 62 మంది ఏమీ ఇవ్వలేదు; ఇచ్చినవారు సగటున 6 డాలర్లు ఇచ్చారు. ఈ అంకెలు సరికావని బృందం ఖండించింది. డిసెంబరు 10న ఆ డౌన్‌లోడ్‌ను నిలిపివేసి, సంవత్సరాంతంలో మామూలు సి.డి.ని అంగళ్ళకు పంపారు. ఊరికే దొరికిన పాటలను మళ్ళీ ఎవరు కొంటారని అనుకున్నవారు ఆశ్చర్యపడేటట్లు, అది ఇంగ్లాండులోనూ అమెరికాలోనూ అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అన్ని రూపాలలో కలిపి 30 లక్షల ప్రతులు అమ్ముడుపోయినవని, అందులో 17 లక్షల 50 వేలు సి.డి.లేనని, పెట్టెలు లక్ష అని వారి సంగీత ప్రచురణకర్తలు 2008 అక్టోబరులో వెల్లడించారు. ఉచితం అమ్మకాన్ని చంపుతుందన్న సామాన్య నమ్మకం ఇక్కడ నిలువలేదు.

ఐనను ఈ విజయాన్ని అందరికీ వర్తింపజేయరాదు. రేడియోహెడ్ అప్పటికే జగత్ప్రసిద్ధం. ఆ ప్రసిద్ధికి మూలమైన ప్రచారం వారు విడిచివచ్చిన కంపెనీ డబ్బుతో జరిగినదే. సోనిక్ యూత్ బృందానికి చెందిన కిమ్ గోర్డన్ 2009లో దీనినే విమర్శించింది. అంతగా అమ్ముడుపోని తోటి సంగీతకారులు ధర అడిగితే పిసినారులుగా కనిపించే పరిస్థితిని ఈ చర్య తెచ్చిపెట్టిందన్నది ఆమె ఆక్షేపణ సారాంశం. రేడియోహెడ్ కూడా తన తరువాతి ఆల్బమ్‌ను 2011లో నిర్ణీత ధరకే అమ్మింది.

అంత పేరు లేనివారి అనుభవమెట్టిదో తెలుసుకోవడానికి సాల్ విలియమ్స్ అనే అమెరికన్ కవిగాయకుని ఉదాహరణ ఉపకరిస్తుంది. 2007 నవంబరులో అతడు తన ఆల్బమ్‌ను ఊరికే తీసుకొనండి, లేదా 5 డాలర్లిచ్చి తీసుకొనండి అని శ్రోతల ముందుంచాడు. దానిని నిర్మించిన ట్రెంట్ రెజ్నర్ 2008 జనవరి ఆరంభంలో లెక్కలను దాచకుండా బయటపెట్టాడు. తీసుకున్నవారు 1,54,449 మంది. 5 డాలర్లు చెల్లించినవారు 28,322 మంది, అంటే నూటికి 18 మందికి కాస్త ఎక్కువ. రెజ్నర్ నిరాశను వ్యక్తం చేశాడు. కానీ అదే గాయకుని అంతకు ముందరి ఆల్బమ్ 33,897 ప్రతులు మాత్రమే అమ్ముడుపోయినట్లు ఆయనే చెప్పాడు. పాట విన్నవారు నాలుగు రెట్లకు మించి పెరిగారు. డబ్బిచ్చినవారు కొంత తగ్గారు. దీనిని నష్టమనాలో లాభమనాలో, ఆ కళాకారుడు కోరినది కీర్తియా, కూడా అన్నదానిపై ఆధారపడి ఉంటుంది.

అసలు, ఇవ్వనవసరం లేనప్పుడు మనిషి ఎందుకు ఇస్తాడు? ఈ విషయమై యూరీ నీజీ మొదలైన పరిశోధకులు చేసిన ఒక ప్రయోగం 2010లో ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. ఒక వినోద ఉద్యానంలో ఊయల బండ్లవంటి వాహనమెక్కిన 1,13,047 మందికి వారి ఫొటోలను విక్రయానికి చూపారు. ధర 12 డాలర్ల 95 సెంట్లుగా ఉన్నప్పుడు కొన్నవారు వేయికి ఐదుగురు. తోచినంత ఇవ్వవచ్చునన్నప్పుడు నూటికి 8 మందికి పైగా తీసుకున్నారు, కానీ ఇచ్చినది సగటున 92 సెంట్లు. తోచినంత ఇవ్వండి, అందులో సగం ధర్మకార్యానికి పోతుందని చెప్పినప్పుడు మాత్రం తీసుకున్నవారు నూటికి నలుగురైదుగురికి తగ్గారు. ఇచ్చిన సగటు 5 డాలర్ల 33 సెంట్లకు పెరిగింది. సొమ్ము ఎవరికి చేరుతున్నదో తెలిసినప్పుడు మనిషి స్వల్పంగా ఇవ్వడానికి సిగ్గుపడుతున్నాడు. తగినంత ఇవ్వలేనివాడు ఆ వస్తువునే వదులుకుంటున్నాడు. ఇది ఔదార్యం మాత్రమే కాదు, ఆత్మగౌరవం కూడా.

ఈ సత్యాన్ని నిత్యవ్యవహారంగా మార్చినది 2008లో అమెరికాలో స్థాపితమైన బ్యాండ్‌క్యాంప్ అనే సంస్థ. ఇందులో బృందమే తన పాటకు కనీస ధరను నిర్ణయించుకుంటుంది. అది సున్న కావచ్చు, 5 డాలర్లు కావచ్చు. ఆపైన ఎంత ఇచ్చినా స్వీకరించే వీలున్నది. డౌన్‌లోడ్‌ల అమ్మకంలో సంస్థ నూటికి 15 వంతులు తీసుకుంటుంది. అమ్మకాలు 5,000 డాలర్లు దాటిన బృందం విషయంలో అది 10కి తగ్గుతుంది. చెల్లింపు రుసుము పోగా మిగిలినదంతా బృందానిదే. ఉచితంగా తీసుకునేవారిని, డబ్బుకు బదులు ఈమెయిలు చిరునామా ఇవ్వమని బృందం కోరవచ్చును. నేటి ఉచిత శ్రోత రేపటి కచేరీకి టిక్కెట్టు కొనేవాడు కావచ్చునన్న ఆశ దీనికి మూలం. మరొక విశేషం, ఆల్బమ్ పుటలో దానిని కొన్నవారి చిత్రాలు వరుసగా కనిపిస్తాయి. వీధి భాగవతంలో పేరు చదివించే మన ఆచారానికీ దీనికీ పోలిక స్పష్టమే. రేడియోహెడ్ ఖాళీ గడికి సాక్షులు లేరు, ఇక్కడ సాక్షులున్నారు.

కరోనా వ్యాధి వలన కచేరీలు ఆగిపోయిన 2020లో, మార్చి 20వ తేదీ శుక్రవారంనాడు ఈ సంస్థ తన వాటాను వదులుకున్నది. ఆ ఒక్కరోజున శ్రోతలు వెచ్చించినది 43 లక్షల డాలర్లు. ఎవరికోసం ఇస్తున్నామో, ఎందుకు ఇస్తున్నామో తెలిసినప్పుడు చేయి సాగుతుందనడానికి ఇది నిదర్శనం. ఐతే ఈ వేదిక కూడా వ్యాపారానికి అతీతం కాదు. 2022లో దీనిని ఎపిక్ గేమ్స్ కంపెనీ కొన్నది. 2023లో సాంగ్‌ట్రేడర్ కంపెనీకి అమ్మింది. ఆ సందర్భంలో సిబ్బందిలో సుమారు సగం మంది ఉద్యోగాలు కోల్పోయారు. కళాకారుడు స్వతంత్రుడైనా అతడు నిలిచిన అరుగు పరాధీనమే.

నేడు అధిక సంఖ్యాకులు పాటలను కొనడం లేదు, డౌన్‌లోడ్ చేయడం కూడా లేదు. స్ట్రీమింగ్ ద్వారా వింటున్నారు. శ్రోత చెల్లించే నెల చందా, లేదా ప్రకటనల ఆదాయం, అందరి ఖాతాలోనూ కలిసిపోయి, వినికిడుల సంఖ్యను బట్టి హక్కుదారులకు పంచబడుతుంది. పన్నెండు నెలలలో 1,000 మార్లైనా వినబడని పాటకు స్పాటిఫై సంస్థ 2024 నుండి ఆ పంపకంలో వాటా ఇవ్వడం లేదు. ఇటువంటి వ్యవస్థలో, చిన్న బృందానికి నేరుగా చెల్లించిన ఒక్క డాలరు వందలాది వినికిడులకు సమానమని గ్రహించాలి.

పై ఉదాహరణలను బట్టి మా అభిప్రాయాన్ని ఇట్లా చెప్పవచ్చును. తోచినంత వెల అనే విధానం దయాధర్మం కాదు, అమాయకత్వమూ కాదు. అది పరిచయం మీద నడిచే వ్యాపారం. శ్రోతకు కళాకారుడు తెలిసి ఉండాలి, సొమ్ము అతనికి చేరుతుందన్న నమ్మకముండాలి, తన చర్యకు ఒక సాక్షి ఉన్నట్లు తోచాలి. ఈ మూడూ ఉన్న చోట ఇది నిలుస్తుంది; లేని చోట ఖాళీ గడిలో సున్నలే పడతాయి. పరిచయం లేని కొత్తవారికి ఇది బ్రతుకుతెరువును తెచ్చిపెట్టదు, వినేవారిని తెచ్చిపెట్టవచ్చు. ఆ వినేవారిలో కొందరిని ఇచ్చేవారుగా మార్చుకోవడం కళాకారుని ఓపికపై ఆధారపడిన పని.

ఇది మన విద్యార్థులకు సంబంధం లేని విదేశీ విషయమని తలచరాదు. పాటలు కట్టి, ఫోనులోనే రికార్డు చేసి, స్నేహితులకు పంపుకునే యువకులు నేడు ప్రతి కళాశాలలోనూ ఉన్నారు. వారిలో ఒకరు రేపు తమ పాటకు వెల అడిగినప్పుడు, ఊరికే వినడానికి అలవాటుపడిన చెవులు ఏమి సమాధానమిస్తాయి? చేతిలో డబ్బు లేని విద్యార్థి సున్న వేయడం తప్పు కాదు. ఆ గడిని ఖాళీగా విడిచినవారే అందుకు అనుమతించారు. కానీ సున్న కూడా మనం నిర్ణయించిన వెలయే. జేన్ సిబెరీ చూపిన నాలుగు మార్గాలలో మూడవది విద్యార్థి దశకు మిక్కిలి తగినదని మాకు తోస్తున్నది. నేడు విను, సంపాదన కలిగిననాడు వచ్చి ఇవ్వు అన్నది ఆ మార్గం. అందులో పత్రం లేదు, వడ్డీ లేదు, వసూలుకు వచ్చేవాడు లేడు. తీర్చవలసిన బాకీ ఒకటి ఉన్నదన్న ఎరుక మాత్రం ఉన్నది. ఆ ఎరుక గల శ్రోతలు కొందరైనా ఉన్నంతవరకు హారతి పళ్ళెం ఏ రూపంలో తిరిగినా ఖాళీగా తిరిగిపోదు.