కొండకూ కడలికీ నడుమ భీమిలి: మన పిల్లలు చూడవలసిన తెలుగు ఊరు

విహారయాత్ర అనగానే మన బడుల్లో మైసూరు, బేలూరు, హళేబీడు పేర్లే వినిపిస్తాయి. అవి తప్పక చూడవలసినవే. అయితే కోలారు జిల్లాలో తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు మరో అవసరం కూడా ఉంది. వారికి తెలుగు అంటే ఇంట్లో మాట, బడిలో పుస్తకం. రాబర్ట్‌సన్‌పేట బజారులో తమిళం, కచేరీలో కన్నడ, పై చదువుకు ఇంగ్లిషు. ఊరంతా తెలుగే నడిచే చోటు ఎలా ఉంటుందో చాలామంది చూడలేదు. సముద్రాన్నీ చూడలేదు. ఈ రెండూ ఒకేచోట దొరుకుతాయని 8, 9 తరగతుల పిల్లలను భీమునిపట్నం తీసుకెళ్లాం.

రైలులో ఒక రాత్రి, దాదాపు ఒక పగలు ప్రయాణం. ఆంధ్ర సరిహద్దు దాటాక పిల్లలు కిటికీ వదల్లేదు. స్టేషన్ల పేర్లు, దుకాణాల బోర్డులు, గోడల మీది ప్రకటనలు పోటీపడి చదివారు. తెలుగు వాచకంలో ఎన్నడూ లేని ఉత్సాహం అది.

విశాఖపట్నం నుంచి భీమిలికి సుమారు 25 కిలోమీటర్లు. దారి పొడవునా ఒకవైపు కొండలు, ఒకవైపు బంగాళాఖాతం. మధ్యలో తొట్లకొండ, బావికొండ అనే బౌద్ధ క్షేత్రాలు. వాన నీటి కోసం భిక్షువులు రాతిలో తొలిచిన తొట్ల వల్ల మొదటిదానికీ, బావుల వల్ల రెండోదానికీ ఆ పేర్లు వచ్చాయి. భీమిలి పక్కనే ఉన్న పావురాలకొండ మీదా అలాంటి తొట్లు ఉన్నాయి. రెండు వేల ఏళ్ల కిందట కొండ మీద పడిన చినుకును దాచుకున్నారంటే, చెరువుల మీద బతికే కోలారు పిల్లలకు అంతకన్నా మంచి పాఠం ఏముంటుంది?

భీమిలికి కొంచెం ముందు ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. గాలి, నీరు, ఇసుక కలిసి వేల ఏళ్లలో మలచిన ఈ దిబ్బలను భూవైజ్ఞానిక వారసత్వ స్థలంగా గుర్తించారు. మన జిల్లాలోని పెద్దపల్లి దగ్గరి లావా శిలలకు కూడా అలాంటి గుర్తింపే ఉంది. ఆ సంగతి చెబితే, “మన పెద్దపల్లేనా సార్!” అని పిల్లలు ఆశ్చర్యపోయారు. దూరపు ఊరు చూడబోతే సొంత ఊరు కొత్తగా కనిపించింది.

భీమిలిలో పిల్లలను ఎక్కువగా ఆలోచింపజేసింది డచ్చివారి శ్మశానం. 17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు ఇక్కడ స్థావరం పెట్టారు. 1825లో ఊరు ఇంగ్లిషువారి చేతికి వచ్చింది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడింది. తరువాత 1933లో విశాఖలో పెద్ద ఓడరేవు మొదలయ్యాక రేవు వ్యాపారం అటే సాగింది. ఒకప్పుడు ఓడలు ఆగిన తీరంలో ఇప్పుడు చేపల పడవలు, దీపస్తంభం, పాత సమాధులు ఉన్నాయి.

ఈ కథ కె.జి.ఎఫ్. పిల్లలకు కొత్త కాదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ గని పని చేపట్టింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. బంగారం కోసం వచ్చినవారు వెళ్లిపోయారు, పని చేసినవారి మనవలు మిగిలారు. సమాధుల మధ్య నిలబడి ఒక అమ్మాయి అడిగింది: “వ్యాపారం పోయినాక ఈ ఊరోళ్లు ఏం చేసినారు సార్?” జవాబు ఎదురుగానే ఉంది. కొందరు చేపలు పడుతున్నారు, కొందరు విశాఖకు పనికి వెళుతున్నారు, చూడవచ్చినవారి మీద కొందరు బతుకుతున్నారు. ఊరు మాత్రం ఉంది. తమ ఊరి గురించి పిల్లలు తిరుగు రైలులో చాలాసేపు మాట్లాడుకున్నారు.

గోస్తనీ నది భీమిలి దగ్గరే సముద్రంలో కలుస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చే ఏరు ఇది. దాని ముఖద్వారం చూపి పాలారు పాఠం చెప్పాం. నంది కొండల వైపు పుట్టి, బేతమంగళ చెరువు నింపి, ఒకప్పుడు గనుల ఊరికి నీళ్లిచ్చిన పాలారు కూడా ఆంధ్ర, తమిళనాడు దాటి ఇదే బంగాళాఖాతంలో కలుస్తుంది. పటంలోని నీలి గీతకు అర్థం అక్కడ తెలిసింది.

ఇక భాష. “యాడికి పోవల్ల?” అని మన పిల్లలు అడిగితే అక్కడివారు నవ్వారు. “ఏటి?” అని వాళ్లు అంటే మనవాళ్లు నవ్వారు. కాసేపటికి ఇద్దరికీ అంతా అర్థమైంది. మన యాసను తక్కువ తెలుగు అనుకునే పిల్లలకు, ఆంధ్రలోనూ ఒకే తెలుగు లేదని తెలియడం మేలు చేసింది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి ఆ ఉత్తరాంధ్రవారే. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించడానికి పుస్తకాలు రాశారు. తల్లిభాషలో ప్రాథమిక విద్య అందించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం చెబుతుంది. ఆయన అంతకు ఎంతో ముందే ఆ పని మొదలుపెట్టారు.

వెళ్లదలచిన బడులకు కొన్ని మాటలు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకింది ఈ తీరాన్నే. డిసెంబరు చివర, జనవరి అనువైన రోజులు. అలలు బలంగా ఉంటాయి కనుక పిల్లలను నీళ్లలోకి దిగనీయకండి. ప్రతి పిల్లవాడి చేత వినిపించిన కొత్త తెలుగు మాటలు రోజుకు పది రాయించండి. ఖర్చు భారమనుకునే తల్లిదండ్రులు బడి తెరిచిన జూన్ నుంచే నెలనెలా కొంత కడితే డిసెంబరు నాటికి భారం తెలియదు. తెలుగు చదివితే ఏం వస్తుందని ఇంట్లో అడిగే పిల్లలుంటే, వాళ్ల పేర్లు ముందు రాయించండి.