కాలిన ఒంటికి కొత్త చర్మం

ఒళ్ళు కాలినవాళ్ళకు మంటొక్కటే గండం కాదు. చర్మం పోయిన చోట ఒంట్లోని నీరు కారిపోతుంది, సూక్ష్మజీవులు చొరబడతాయి. సగం పైగా కాలితే అతకడానికి సొంత చర్మం చాలదు. ఈ చిక్కుకు దారి చూపిన అమెరికాలోని ఎం.ఐ.టి. ఆచార్యుడు యానస్, సర్జన్ జాన్ బర్క్‌ల కృషి గురించి నాలుగు మాటలు చెబుతాను.

ఆవుతోలులోని కొలాజెన్‌నీ, సొరచేప మృదులాస్థిలోని ఒక పదార్థాన్నీ కలిపి స్పాంజిలాంటి పొర చేశారు. పైన సిలికోన్ మూత. పందిరికి తీగ పాకినట్టు రోగి కణాలు, రక్తనాళాలు అందులోకి పాకి కొత్త లోచర్మాన్ని కడతాయి. పందిరి మెల్లగా కరిగిపోతుంది. ఆపైన సిలికోన్ తీసేసి, రోగి చర్మమే పలచగా అతికిస్తారు.

1981లో ఫలితాలు ప్రకటించారు; 1996లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. అయితే ఆ చర్మానికి చెమట పట్టదు, వెంట్రుకలు మొలవవు. రసాయనం, జీవశాస్త్రం చదివే మన మిత్రులకు ఆ పని మిగిలే ఉంది!