టైల్ కంటే ముందు గోడ

వంటగట్టు వెనక గోడకు టైల్స్ వేయించాలనుకునేసరికి ఇప్పుడు చాలా ఇళ్లలో ఒక వాదన మొదలవుతోంది. ఎప్పటిలాగే ఇసుక, సిమెంటు మాలుతో వేస్తానంటాడు మేస్త్రీ. టైల్స్ దుకాణంవాడు మాత్రం బిల్లులో అడ్హెసివ్ సంచి కూడా కలుపుతాడు. ఇంటివాళ్లకు ఇద్దరి మీదా అనుమానమే. ఒకరు పాత అలవాటు వదల్లేక, మరొకరు సరుకు అమ్ముకోవడానికి చెబుతున్నారేమోనని. ఆ అనుమానం కొంతవరకు న్యాయమైనదే అయినా, ఇప్పుడు దొరికే టైల్స్‌ని బట్టి, ఇప్పుడు కట్టే గోడల్ని బట్టి చూస్తే వంటింటి గోడకు అడ్హెసివే తగినది. కాకపోతే మాలు స్థానంలో గమ్ సంచి తెచ్చి, పని మాత్రం పాత పద్ధతిలోనే కానిస్తే డబ్బూ దండగ, టైలూ నిలవదు. మాలుకి గోడ వంకరల్ని దాచే గుణం ఉంది, అడ్హెసివ్‌కు అది లేదు. మిగిలిన విషయమంతా ఈ తేడా దగ్గరే తిరుగుతుంది.

మాలును సమర్థించేవాళ్లు చూపే సాక్ష్యం బలమైనదే: ముప్ఫై, నలభై ఏళ్ల కిందట సిమెంటుతో అతికించిన తెల్ల టైల్స్ ఎన్నో ఇళ్లలో ఇప్పటికీ కదలకుండా ఉన్నాయి. అది నిజం. అయితే ఆ టైల్ వేరు. పైన మెరుగు పూత, వెనక ఎర్రగానో తెల్లగానో సన్న రంధ్రాలున్న కాల్చిన మట్టి. ఈ రకం సిరామిక్ గోడ టైల్ తన బరువులో 10 శాతానికి మించి నీరు పీలుస్తుంది. అందుకే మేస్త్రీలు వాటిని నీళ్ల తొట్టిలో నానబెట్టి, వెనక సిమెంటు పాలు పూసి గోడకు నొక్కేవాళ్లు. ఆ పాలు రంధ్రాల్లోకి దిగి, అక్కడే గట్టిపడి టైల్‌ని పట్టుకునేవి. ఇప్పుడు వంటిళ్లకు చాలామంది ఎంచుకుంటున్న విట్రిఫైడ్ టైల్ పీల్చే నీరు అర శాతం కూడా ఉండదు. గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీల్లో వచ్చే ఈ టైల్స్‌కి నీరు పీల్చకపోవడమే పెద్ద గొప్ప. మరకలు పట్టకపోవడానికి కారణం అదే, సిమెంటు పాలు పట్టకపోవడానికీ అదే. పైగా అప్పటి టైల్ జానెడు కూడా ఉండేది కాదు. ఇప్పుడు అడుగు వెడల్పు, రెండడుగుల పొడవుది మామూలైంది. పాత టైల్ నిలిచిందన్న సాక్ష్యంతో కొత్త టైల్ సంగతి తేల్చలేం.

అడ్హెసివ్ అనగానే జిగురు సీసా గుర్తుకొస్తుంది గానీ సంచిలో ఉండేదీ ప్రధానంగా సిమెంటూ, జల్లెడ పట్టిన సన్న ఇసుకే. వాటికి తోడు రెండు పదార్థాలుంటాయి. ఒకటి పాలిమర్ పొడి. నీళ్లు కలిపాక అది సిమెంటు రేణువుల మధ్య సన్నని పొరలా అల్లుకొని, రంధ్రాలు లేని నునుపు తలానికి కూడా పట్టునిస్తుంది, కాస్త సాగే గుణాన్నీ ఇస్తుంది. రెండోది సెల్యులోజ్ నుంచి చేసే పదార్థం. దీని పని నీటిని పట్టి ఉంచడం. సిమెంటు గట్టిపడాలంటే నీరు కావాలి. సన్నటి పొరలో ఉన్న నీటిని పొడి గోడ గుటుక్కున పీల్చేస్తే సిమెంటు పొడిపొడిగా రాలిపోతుంది. ఆ పీల్చడాన్ని ఇది ఆపుతుంది కాబట్టే 3 మిల్లీమీటర్ల పొర కూడా బలంగా నిలుస్తోంది. ఈ పల్చటి పూత పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చినవాళ్లలో హెన్రీ రాత్‌బర్గ్ ముఖ్యుడు. సిమెంటులో రబ్బరు పాలవంటి లేటెక్స్ కలిపి టైల్స్ అతికించే విధానంతో ఆయన 1956లో అమెరికాలో లాటిక్రీట్ సంస్థను స్థాపించాడు. మన దేశంలో టైల్ అడ్హెసివ్‌లకు 2004లో ఐఎస్ 15477 పేరుతో ప్రమాణం వచ్చింది, 2019లో దాన్ని సవరించారు. సంచి మీద కనిపించే టైప్ 1, టైప్ 2 వంటి గుర్తులు ఆ ప్రమాణానివే. ఏ టైల్‌కి, ఏ గోడకి ఏ టైప్ అన్నది సంచి మీదే రాసి ఉంటుంది. కొనేముందు చదవాల్సింది ఆ నాలుగు వాక్యాలే, దుకాణంవాడి మాట కాదు. ఇంకో సంగతి: టైల్స్ నానబెట్టే అలవాటును ఇక్కడ మానేయాలి. తడి టైల్ వెనక నిలిచిన నీటి పొర అడ్హెసివ్‌ని టైల్‌కి తగలనివ్వదు. వెనక దుమ్ము పోయేలా తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే చాలు.

ఖరీదు ఎక్కువ కదా అన్నది అందరూ వేసే మొదటి ప్రశ్న. కిలోకి కిలో పోలిస్తే ఎక్కువే. అయితే మనం కొనేది కిలోలు కాదు, కప్పే జాగా. గట్టు పొడవు 14 అడుగులు, టైల్ ఎత్తు 2 అడుగులు అనుకుందాం. మొత్తం 28 చదరపు అడుగులు, అంటే 2.6 చదరపు మీటర్లు. మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు సుమారు కిలోన్నర పొడి పడుతుంది. 3 మిల్లీమీటర్ల పొరకు లెక్కేస్తే ఆ గోడంతటికీ 12 కిలోలు. ఇరవై కిలోల సంచి ఒకటి తెస్తే ఇంకా మిగులుతుంది. అదే గోడకు 15 మిల్లీమీటర్ల మాలు పెడితే దాదాపు 80 కిలోలు. అంత ఇసుక మేడ మీదికి మోయాలి, జల్లించాలి, కలపాలి, మిగిలింది దించాలి. ఇల్లంతా నేల పరిచేటప్పుడు అడ్హెసివ్ ఖర్చు నిజంగానే భారమవుతుంది, అక్కడ లెక్క వేరు. వంటగట్టు గోడకు మాత్రం ఖర్చు పేరుతో వెనకాడాల్సినంత తేడా రాదు. తేడా వచ్చేది మరో చోట. దాన్ని ఎవరూ ముందుగా చెప్పరు.

పొర 3 మిల్లీమీటర్లే అయినప్పుడు గోడ ఎంత సమంగా ఉండాలో ఆలోచించండి. మన ప్లాస్టరింగ్ గోడల్లో రెండు మీటర్ల బద్ద ఆనించి చూస్తే అక్కడక్కడా వేలు దూరేంత సందు కనిపించడం వింతేమీ కాదు. మాలుతో వేసేటప్పుడు ఒకచోట పావు అంగుళం, పక్కనే ముప్పావు అంగుళం పెట్టి, దారానికీ రసమట్టానికీ సరిచేస్తూ మేస్త్రీ నెట్టుకొస్తాడు. ఆ చాకచక్యం తక్కువదేం కాదు. అదే చేత్తో అడ్హెసివ్ పట్టుకుంటే ఏం జరుగుతుందో చాలా ఇళ్లలో చూడొచ్చు: టైల్ వెనక నాలుగు మూలలా నాలుగు ముద్దలు, నడుమ ఒకటి పెట్టి గోడకు ఒత్తేస్తారు. పైకి చూడటానికి తీరుగానే ఉంటుంది. తట్టి చూస్తే ముద్ద ఉన్నచోట గట్టిగా, లేనిచోట గుల్లగా మోగుతుంది. తర్వాత ఎప్పుడో గరిటెల కడ్డీ బిగించడానికి డ్రిల్లింగ్ పెట్టగానే గుల్ల ఉన్నచోట టైల్ పగులుతుంది. సందుల్లోంచి దిగిన నీరు ఆ ఖాళీల్లో నిలుస్తుంది. ఐదు ముద్దలూ ఒక్కొక్కటి అరచేయంత అనుకున్నా, రెండడుగుల టైల్ వెనక సగం కూడా తడవదు. అమెరికా టైల్ ప్రమాణాలు పొడి చోట్ల కనీసం 80 శాతం, తడి చోట్ల 95 శాతం అంటుకొని ఉండాలంటాయి.

ఈ శాతాలు ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి ఒక లెక్క చాలు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 12004 ప్రకారం మామూలు తరగతి సిమెంటు అడ్హెసివ్ చదరపు మిల్లీమీటరుకు 0.5 న్యూటన్ లాగుడును తట్టుకోవాలి. అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 5 కిలోలు. అడుగు వెడల్పు, రెండడుగుల పొడవు గోడ టైల్ బరువు సుమారు 3 కిలోలు, దాని వైశాల్యం 1,800 చదరపు సెంటీమీటర్లు. కాగితం మీద చూస్తే అరచేతి ముద్ద ఒక్కటే దాన్ని మోయగలదు. బరువు అసలు సమస్యే కాదన్నమాట. టైల్ ఊడటానికి కారణం అంటుకోకపోవడం, గోడా టైలూ వేర్వేరుగా కదలడం. అందుకే అంచున పళ్లున్న తాపీ ఈ పనికి తప్పనిసరి. ముందు తాపీ చదునైన అంచుతో గోడకు పల్చగా గట్టిగా రాసి, దాని మీద ఇంకొంత పూసి, పళ్లతో ఒకే దిక్కుకు గాళ్లు గీయాలి. టైల్ పెట్టి ఆ గాళ్లకు అడ్డంగా అటూ ఇటూ కదిపి నొక్కితే గట్లు అణిగి, మధ్యలోని గాలి బయటికి పోతుంది. పెద్ద టైల్ అయితే వెనక కూడా పల్చగా రాయాలి. పని మొదలెట్టిన కాసేపటికి ఒక టైల్‌ని ఊడదీసి వెనక ఎంత అంటిందో చూపించమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

గోడ ముందే సమంగా ఉండాలన్నప్పుడు ఆ పనికి కూలి ఎవరిస్తారన్న ప్రశ్న వస్తుంది. టైల్స్ పని సాధారణంగా చదరపు అడుగు లెక్కన మాట్లాడుకుంటారు. గోడ గీకడం, పల్లాలు పూడ్చడం, ప్లాస్టరింగ్ సరిచేయడం ఆ రేటులో ఉండవు. కూలి రాని పనిని మేస్త్రీ ముద్దల కింద దాచేస్తే తప్పంతా అతనిదే అనడం అన్యాయం. బేరం కుదిరేటప్పుడే గోడ సవరింపును విడిగా లెక్కగట్టాలి. పల్లాలు పూడ్చిన ప్లాస్టరింగ్‌ని క్యూరింగ్ చేసి, ఆరాకే టైల్ మొదలెట్టాలి. నా మటుకు, అడ్హెసివ్ సంచికి పెట్టే డబ్బు కంటే ఇక్కడ పెట్టే డబ్బే టైల్‌ని కాపాడుతుంది. గోడ మీద ఏముందో కూడా చూడాలి. సున్నం, పెయింటు, పుట్టీ ఉంటే గీకి తీసేయాల్సిందే. లేకపోతే అడ్హెసివ్ పెయింటుకు అంటుకుంటుంది, పెయింటు గోడను వదిలేస్తుంది. జిప్సం ప్లాస్టరింగ్ మీద ప్రైమర్ లేకుండా పూస్తే, తేమ తగిలినప్పుడు జిప్సంలోని సల్ఫేటూ సిమెంటూ కలిసి ఉబ్బే స్ఫటికాలు పుట్టి పొరను లేపేస్తాయి. హైదరాబాద్‌లో అల్యూమినియం అచ్చులతో పోసే కాంక్రీటు గోడల అపార్టుమెంట్లలో మాత్రం గోడ నున్నగా, సమంగా వస్తుంది. అలాంటి గోడకు మందపు మాలు ఎక్కించడం కంటే పల్చటి అడ్హెసివే నయం. అచ్చులకు రాసిన నూనె జిడ్డు పోయేలా కడగడం మాత్రం మరవకూడదు.

పొయ్యి వేడికి గమ్ కరిగి టైల్స్ జారిపోవా అని అడిగేవాళ్లున్నారు. ఈ భయం సగం సరైనది. డబ్బాలో కలిపే అవసరం లేకుండా దొరికే పేస్టు రకం అడ్హెసివ్ ఒకటుంది. అది నీరు ఆవిరవడం వల్ల గట్టిపడుతుంది. వేడీ తేమా రెండూ తగిలేచోట దాన్ని నమ్మలేం, నీరు పీల్చని పెద్ద టైల్ వెనక అది ఆరడానికే చాలా రోజులు పడుతుంది. సిమెంటు రకానికి ఆ సమస్య లేదు. ఇంట్లో వాడే గ్యాస్ పొయ్యిని గోడకు ఆనించకుండా కాస్త ఎడంగా పెడితే వేడి దాన్ని ఏమీ చేయదు. వేడి చేసే పని ఒకటుంది, టైల్‌ని రవంత వ్యాకోచింపజేయడం. టైల్‌కీ టైల్‌కీ మధ్య 2 మిల్లీమీటర్ల సందు వదలమనేది అందుకే. సందు లేకుండా అతుకు కనబడకూడదని పట్టుబట్టే ఇంటివాళ్లు మేస్త్రీ మాట వినడం మేలు. గట్టూ టైలూ కలిసే చోట, గోడ మూలల్లో సిమెంటు గ్రౌట్ బదులు సిలికాన్ నింపితే కదలికకు చోటుంటుంది, గట్టు మీది నీరు వెనక్కి దిగదు. పోపు తుంపరలు, పసుపు మరకలు పడే పొయ్యి వెనక భాగానికి ఎపాక్సీ గ్రౌట్ ఖర్చు దండగ కాదు. అది నూనెను పీల్చదు.

మన ఎండలు మరో చిక్కు. గోడకు పూసిన అడ్హెసివ్ మీద టైల్ పెట్టడానికి ప్రమాణాల ప్రకారం కనీసం 20 నిమిషాల వ్యవధి ఉండాలి, అది ప్రయోగశాల వాతావరణంలో చూసే లెక్క. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో కిటికీ తెరిచి ఫ్యాను వేసుకొని పని చేస్తుంటే ఆ వ్యవధి బాగా తగ్గుతుంది. పైన మీగడలా పొర కడితే వేలితో తాకి చూడాలి. వేలికి అంటకపోతే గీకి పారేసి మళ్లీ పూయాల్సిందే. మాలులా బిగుసుకున్నాక నీళ్లు చిలకరించి మళ్లీ కలపడం ఇక్కడ పనికిరాదు. బకెట్లో ముందు కొలత ప్రకారం నీళ్లు, తర్వాత పొడి పోసి కలిపి, ఐదు నిమిషాలు వదిలి, మరోసారి కలిపి వాడాలి. ఒకేసారి సంచి మొత్తం కలపకుండా రెండు మూడు టైల్స్‌కి సరిపడా గోడ మీద పూసుకుంటూ పోవాలి. గ్రౌట్‌కి మర్నాటి దాకా ఆగాలి.

చివరి అభ్యంతరం, రేపు మార్చాలంటే పీకడం కష్టం కదా అని. కష్టమే, సరిగా అంటుకున్న టైల్ గోడ ప్లాస్టరింగ్‌ని కూడా పెరుక్కుని వస్తుంది. అయితే అడ్హెసివ్ ఉంటే అసలు పీకనక్కర్లేని దారి ఒకటుంది. పాత టైల్స్‌ని తట్టి చూసి, గుల్లగా మోగేవాటిని తీసి పూడ్చి, మిగిలినవాటి నూనె జిడ్డు కడిగి, మెరుగును గరుకు చేసి, అందుకు తగిన టైప్ అడ్హెసివ్‌తో వాటి మీదే కొత్తవి అతికించవచ్చు. మాలుతో ఇది కుదిరే పని కాదు. గోడ అర అంగుళానికి పైగా ముందుకొస్తుంది కాబట్టి స్విచ్‌బోర్డు పెట్టెల లోతు, కుళాయి గొట్టాల పొడవు ముందే చూసుకోవాలి. ఇక గోడ అంగుళం మేర వాలిపోయి, సవరించే వీలూ డబ్బూ లేక, వేసేవి నీరు పీల్చే చిన్న సిరామిక్ టైల్సే అయితే, నానబెట్టి మాలుతో వేసే మేస్త్రీని ఆపాల్సిన పని లేదు.