పెద్దల మాట - ధ్వనిముద్రణ

మౌఖిక సాహిత్యానికి కంఠమే ఆధారం. జీన్ రోఘైర్ అనే పరిశోధకుడు పల్నాటి వీరుల కథను గాయకుని నోట విని, టేపుపై ముద్రించి, ఆంగ్లానువాదంతో 1982లో గ్రంథంగా ప్రకటించారు. నేడు నల్లపాడు పరిసరాలలో పత్తి, మిరప సేద్యంలో తలపండిన వారి అనుభవాలను విద్యార్థులు సైతం స్వల్పవ్యయంతో భద్రపరచవచ్చు.

మైకు ధ్వనిని అతి బలహీనమైన విద్యుత్సంకేతంగా మారుస్తుంది. దానిని పెంచేది ప్రీయాంప్లిఫయరు. అది మాటతోపాటు రొదను కూడా పెంచుతుంది. ఆరుబయట నోటికి, మైకుకు నడుమ దూరం రెట్టింపైతే మాట సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పరిసరాల రొద మాత్రం తగ్గదు. ఎంత ఖరీదైన పరికరమైనా ఈ లోటును పూరించలేదు.

కనుక మొదట కొనదగినది దుస్తులకు తగిలించే కాలరు మైకు. దానిని గడ్డానికి జానెడు దిగువన అమర్చాలి. సెల్‌ఫోనులోనే ప్రీయాంప్లిఫయరు ఉంటుంది; ఫోనుకు సరిపడే పిన్ను చూసుకొంటే చాలు. చేతితో పట్టుకొనే డైనమిక్ మైకు దృఢమైనదే కాని, దాని సంకేతాన్ని ఎక్కువగా పెంచవలసి ఉంటుంది. స్టూడియో కండెన్సర్ మైకులకు సాధారణంగా 48 వోల్టుల విద్యుత్తును అందించే పరికరం కావాలి.

ముందుగా వక్త అనుమతి తీసుకోవాలి. ఫ్యాను ఆపి, గాలి తగలకుండా మైకుకు స్పాంజి తొడుగు వేయాలి. ఒక నిమిషం ముద్రించి, ఇయర్‌ఫోనుతో వినాలి. మాట పగిలినట్లుంటే స్థాయి తగ్గించాలి. పని ముగియగానే రెండు ప్రతులు తీయాలి.

గొర్రు, గుంటక, తాలుకాయ వంటి మాటలను వాడినవారి ఉచ్చారణ అస్పష్టంగా నమోదైతే, వారి తరువాత దానిని సరిదిద్దగలవారు ఉండరు.