శూన్యమునకు శక్తి కలదా?

పైకెగురవేసిన బంతి వేగము క్రమముగా తగ్గును. భూమ్యాకర్షణయే అందుకు కారణము. అట్లే గెలాక్సీల పరస్పరాకర్షణవలన విశ్వవ్యాకోచము కూడ మందగించుచుండవలెనని శాస్త్రజ్ఞులు తలచిరి. కాని 1998లో రెండు పరిశోధక బృందములు దూరపు సూపర్‌నోవాలను పరిశీలించగా, అవి అనుకొన్నదానికంటె మసకగా, అనగా మరింత దూరమున, కనబడినవి. వ్యాకోచవేగము హెచ్చుచున్నదన్నమాట! దీనికి కారణమైనదానినే డార్క్ ఎనర్జీ, అనగా కృష్ణశక్తి, అందురు. విశ్వమునందలి ద్రవ్యశక్తుల మొత్తములో ఇది సుమారు 68 శాతము.

ఇది శూన్యమునకే సహజమైన శక్తి కావచ్చును. 1917లో ఐన్‌స్టయిన్ తన సమీకరణములలో చేర్చిన విశ్వస్థిరాంకము ఇట్టి శక్తినే సూచించును. క్వాంటమ్ సిద్ధాంతము ప్రకారము కూడ శూన్యమునకు శక్తి కలదు. అయితే కణభౌతికజ్ఞుల అంచనా, ఖగోళజ్ఞులు కొలిచినదానికంటె 1 పక్కన సుమారు 120 సున్నలు చేర్చినన్ని రెట్లు అధికముగా నున్నది!

ఈ చిక్కు విడదీయుట సులభము కాదు. కృష్ణశక్తి ఘనమీటరునకు ఒక జౌలులో నూరుకోట్లవ వంతైనను లేదు. కనుక దాని ప్రభావము ప్రయోగశాలలో తెలియదు. విశ్వమంతటిని కొలిచిననే తెలియును.

అరిజోనాలోని కిట్ పీక్ నుండి గెలాక్సీలను కొలుచు డెసి బృందము, ఈ శక్తి కాలముతో మారుచుండవచ్చునని 2025లో సూచించినది. ఇది రుజువైనచో, అది స్థిరాంకము కాదు, ఒక నూతన క్షేత్రమై యుండవచ్చును. ఆ క్షేత్ర స్వభావమును తెలుపుట మరల కణభౌతికశాస్త్రము పనియే.