షుగర్ దిగింది సరే, గుండె సంగతి?

"అన్నం పూర్తిగా మానేయండి. కొబ్బరినూనె, నెయ్యి, వెన్న కావలసినంత తీసుకోండి. ఇన్సులిన్ రెసిస్టెన్స్ పోతుంది, షుగర్ నార్మల్‌కి వస్తుంది. ఇక కొలెస్ట్రాల్ మాత్రతో పనిలేదు. కొలెస్ట్రాల్‌కీ గుండెజబ్బుకీ సంబంధమే లేదు, అదంతా మందుల కంపెనీల ప్రచారం." ఇలా చెప్పే వీడియోలు చూసి మాత్రల డబ్బా పక్కన పడేసినవాళ్లు ఇప్పుడు ఏ ఊళ్లో అడిగినా దొరుకుతారు. వాళ్లలో స్టెంట్ వేయించుకున్నవాళ్లూ ఉన్నారు. అందుకే ఇది ఊరుకోదగ్గ విషయం కాదు.

ఈ ప్రచారం ఇంతగా పాకడానికి కారణం అందులో సగం నిజం ఉండటమే. అన్నం తగ్గిస్తే షుగర్ తగ్గుతుంది, రక్తంలోని ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులూ తగ్గుతాయి. ఇది ఒప్పుకోక తప్పదు. మన దేశంలో సగటున తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని ఐసీఎంఆర్ సర్వే చెప్పింది. కంచం నిండా తెల్లన్నం, పక్కన గరిటెడు పప్పు అనే మన అలవాటు షుగర్ ఉన్నవాళ్లకు మంచి చేయదు. బాగా బరువు తగ్గితే కొందరికి మాత్రలు లేకుండానే షుగర్ అదుపులో ఉంటుందన్నదీ నిజమే. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే అధ్యయనం 2017లో ఆ సంగతి తేల్చింది. అందులో తక్కువ కేలరీల ఆహారం తీసుకున్నవారిలో ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మాత్రల అవసరం లేకుండా షుగర్ అదుపులోకి వచ్చింది. అయితే వాళ్లు నూనె తాగలేదు. వైద్య సిబ్బంది పర్యవేక్షణలో కొన్ని నెలలపాటు రోజుకు దాదాపు 850 కేలరీలతో సరిపెట్టుకుని బరువు తగ్గారు.

మిగతా సగం మాత్రం ప్రాణాంతకమైన అబద్ధం. ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటే కేవలం షుగర్ పెరగడం కాదు. ఇన్సులిన్ మాట కొవ్వు కణాలు విననప్పుడు వాటిలోని కొవ్వు అదుపు లేకుండా రక్తంలోకి వస్తుంది. కాలేయం దాన్ని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి మళ్లీ రక్తంలోకే పంపుతుంది. మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది. చెడు కొలెస్ట్రాల్ కణాలు చిన్నవై, సంఖ్యలో పెరుగుతాయి. కిడ్నీలు ఉప్పును బయటికి పోనివ్వవు, బీపీ ఎక్కుతుంది. వీటన్నిటికీ మూలం ఒకటేనని అమెరికా వైద్యుడు జెరాల్డ్ రీవెన్ 1988లోనే చెప్పాడు. షుగర్ రిపోర్టులో తేడా కనిపించడానికి ఏళ్ల ముందే ఇదంతా మొదలవుతుంది. ఆ ఏళ్లలో రక్తనాళాల గోడల్లో పేరుకున్న కొవ్వు, మీ ఫాస్టింగ్ అంకె వందకు దిగినంత మాత్రాన కరిగిపోదు.

పైగా ఆ నాళాల మీదికే మళ్లీ కొబ్బరినూనె! దానిలో ఎనభై, తొంభై శాతం సంతృప్త కొవ్వే. అది రక్తంలోని ఎల్‌డీఎల్‌ను, అంటే చెడు కొలెస్ట్రాల్‌ను, లాగేసుకునే శక్తిని కాలేయంలో తగ్గిస్తుంది. ఇతర వంటనూనెలతో పోలిస్తే కొబ్బరినూనె ఎల్‌డీఎల్‌ను పెంచుతుందని 2020లో 16 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. షుగర్ దిగిన సంతోషంలో లిపిడ్ పరీక్ష చేయించుకోనివాళ్లకు ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

షుగర్ ఒక్కటే దించితే గుండె బాగుపడుతుందా అన్నది పరీక్షించి చూశారు కూడా. అమెరికా, కెనడాల్లో పదివేలమందికి పైగా పాల్గొన్న అకార్డ్ అధ్యయనంలో మూడు నెలల సగటు షుగర్‌ను (హెచ్‌బీఏ1సీ) మందులతో 6 శాతం లోపుకు దించబోయారు. మరణాలు పెరగడంతో 2008లో దాన్ని మధ్యలోనే ఆపేశారు. షుగర్ అదుపు వద్దని దీని అర్థం కాదు, కళ్లకూ కిడ్నీలకూ అదే రక్ష. డెన్మార్క్‌లో 160 మంది షుగర్ రోగుల మీద జరిగిన అధ్యయనంలో షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ మూడింటినీ కలిపి గట్టిగా దించినవారిలో గుండె, రక్తనాళాల ప్రమాదాలు దాదాపు సగానికి తగ్గాయి. గుండెజబ్బు లేని, ఎల్‌డీఎల్ పెద్దగా పెరగని 2,838 మంది షుగర్ రోగుల మీద జరిగిన కార్డ్స్ అధ్యయనంలో 10 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర అలాంటి ప్రమాదాలను 37 శాతం తగ్గించింది. చవగ్గా దొరికే ఆ చిన్న మాత్రనే వీడియోల వాళ్లు చెత్తబుట్టలో వేయమంటున్నారు.

ఇక మిగతా నమ్మకాలు. తేనె, తాటిబెల్లం కూడా చక్కెరే. రాత్రి అన్నం మానేసి నాలుగు చపాతీలు తింటే ఒరిగేదేమీ లేదు. కొలెస్ట్రాల్ మాత్ర వల్ల షుగర్ పెరిగితే పెరిగేది కొద్దిగానే, దానికి భయపడి గుండెపోటుకు దారి ఇవ్వకండి. ఈసీజీ నార్మల్‌గా ఉన్నా నాళాల్లో పూడికలు ఉండొచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటులో నొప్పి రాకపోవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, చెమటలు, నీరసం వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకండి, ఆసుపత్రికి పరుగెత్తండి.

ఏం తినాలంటారా? కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు వంతు పప్పు, గుడ్డు, చేప. మిగిలిన పావు అన్నమో రొట్టో. నెయ్యి చెంచాకు మించొద్దు, వేరుశెనగ, నువ్వుల నూనెలైనా కొలిచి పోసుకోండి. ఆవకాయ, అప్పడాలలో ఉప్పు ఎక్కువ, బీపీ ఉంటే వాటిని బాగా తగ్గించండి. భోజనమయ్యాక కాసేపు నడవండి. సిగరెట్ ఉంటే ముందు దాన్ని మానేయండి, ఏ డైటూ దాని హానిని పూడ్చదు.

పిండిపదార్థాలు బాగా తగ్గించాలనుకుంటే అది మీ ఇష్టం, కానీ డాక్టరుతో చెప్పకుండా వద్దు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మాత్రలు వేసుకుంటూ అన్నం పూర్తిగా మానేస్తే షుగర్ మరీ ఎక్కువ లేకుండానే రక్తం ఆమ్లమయమై ప్రాణం మీదికి రావచ్చు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇప్పటికే మాత్రలు ఆపేసినవాళ్లు, ముఖ్యంగా స్టెంట్ ఉన్నవాళ్లు, తిడతారేమోనని మొహమాటపడకండి. ఏ మాత్ర ఎప్పటినుంచి ఆపారో ఈరోజే మీ డాక్టరుకు చెప్పండి.